గోళీ గంట, గాజుముక్క

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను చప్పుడుకు నా మాట సగం గాలిలో కలిసిపోతుంది. ఆ చివర కూర్చున్న పిల్లకు కాస్త చోటివ్వండి, ఆమె కూడా వినాలి. ఇది ఎక్కడో జరిగింది కాదు. మన కామాటిపురలోనే, మీరు రోజూ కూరగాయల సంచీ పట్టుకుని నడిచే సందులోనే, పోయిన వానాకాలంలో జరిగింది. చూసినవాళ్లు తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు కానీ అసలు ముక్క ఒకటుంది, దాన్ని మాత్రం అందరూ వదిలేస్తున్నారు. అందుకే చెప్తున్నాను.

ఆ సందులో నీలం తలుపుల చాల్ ఉంది కదా, ఆ వరస గదుల పాత ఇల్లు, దాని రెండో మాళాలో, అంటే రెండో అంతస్తులో, మూల గది వజ్రమ్మది. డెబ్బై రెండేళ్ల మనిషి. పదిహేడేళ్లప్పుడు పాలమూరు నుంచి కొత్త పెళ్లికూతురుగా ఆ గదిలో అడుగు పెట్టింది. ఆమె మొగుడు భూమయ్య మేస్త్రి. ఈ ఊళ్లో ఎన్ని గోడలు లేపాడో ఆయనకే లెక్క తెలియదు. ఆయన పోయి పన్నెండేళ్లయినా ఆయన పనిముట్ల సంచీ మాత్రం తలుపు వెనకాల మేకుకు అలాగే వేలాడేది. అందులో తాపీ, గోడ నిలువు చూసే గుండు, అడ్డం చూసే రసమట్టం ఉండేవి. రసమట్టం అంటే చెక్కలో బిగించిన చిన్న గాజుగొట్టం, లోపల నీళ్లలాంటిదీ ఒక బుడగా ఉంటాయి. బుడగ నడుమ నిలిస్తే గోడ సమంగా ఉన్నట్టు. వజ్రమ్మ ప్రతి శుక్రవారం వాటిని తీసి, తుడిచి, మళ్లీ పెట్టేది.

ఆ గదిలో ఆమెతో పాటు కోడలు నీత, మనవడు హితేష్ ఉంటారు. కొడుకు శివ సెక్యూరిటీ డ్యూటీలో పగలంతా బయటే. గది చిన్నదే, కానీ వజ్రమ్మ పట్టు పెద్దది. ఎందుకంటే వేసవి మొదట్లో ఇంటి యజమాని మేనేజరు వచ్చి మెట్ల దగ్గర ఒక నోటీసు అంటించి పోయాడు. ఇల్లు బలహీనంగా ఉందట, ఖాళీ చేయాలట. ముందు సందులో ఇలాగే ఖాళీ చేసి ఊరవతలి తాత్కాలిక క్యాంపు గదులకు పోయినవాళ్లు పద్దెనిమిదేళ్లయినా తిరిగి రాలేదు. వజ్రమ్మకు అది కళ్ల ముందరే ఉంది.

"గోడ చెప్తే పోత. కాయితం చెప్తే పోను," అని ఆమె గదుల ముందరి గ్యాలరీలో నిలబడి అందరూ వినేలా చెప్పింది. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

హితేష్‌కు ఇరవై నాలుగేళ్లు. ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన ఒక చిన్న కార్ఖానాలో పని. స్కూటర్ నిలబెట్టి పోయాక ఎవరైనా ముట్టుకుంటే కుయ్యోమని అరుస్తుంది చూడండి, ఆ అరుపు వెనకాల కదలికను పట్టే చిన్న స్విచ్చి ఒకటుంటుంది. అవి చేస్తారు అక్కడ. చెంచాలో పట్టేంత వస్తువు. సన్నని స్ప్రింగుకు ఒక చిన్న బరువు వేలాడుతుంది, దాని చుట్టూ ఇత్తడి ఉంగరం. కదలకుండా ఉంటే బరువు ఉంగరాన్ని తాకదు. కదిలిస్తే ఊగి తాకుతుంది, కరెంటు పారుతుంది, అరుస్తుంది. అంతే విద్య.

నోటీసు పడ్డ మర్నాడు హితేష్ అలాంటి స్విచ్చినే ఒక డబ్బాలో పెట్టి, బ్యాటరీ, గంట తగిలించి, గదిలో దూలానికి బిగించాడు. ఆ దూలం ఒక కొన ఎడమవైపు గోడలోకి దిగి ఉంటుంది. ఆ గోడ మీదే పైనుంచి కిందికి వెంట్రుకంత పగులు ఉంది.

"ఇల్లు కదులుతుందో లేదో మనకే ముంగల తెల్వాలె అవ్వా. మేనేజర్ చెప్పుడేంది?" అన్నాడు.

వజ్రమ్మకు ఆ మాట నచ్చింది. కానీ గంట మాత్రం ఎవరికీ నచ్చలేదు. వజ్రమ్మ రోట్లో కారం దంచితే మోగింది. పక్కగది తలుపు గట్టిగా వేస్తే మోగింది. సందులో పెళ్లి బ్యాండు పోతే, బ్యాండు పోయేదాకా మోగింది. మొదటి రెండుసార్లు జనం పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగారు. మూడోసారి ఎవరూ కదలలేదు. పక్కగది మేఘా నోరు ఊరుకునేది కాదు. హితేష్‌కు ఆమె కాకీ, అంటే పిన్ని వరస.

"ఏం హితేష్, నేను తుమ్మినా మోగుతదా నీ గంట?"

"ఏమో కాకీ, తుమ్మి చూడు."

"వద్దు బాబా. నేను తుమ్మితే మేనేజర్‌కు ఇంకో నోటీస్ దొరుకుతది."

నవ్వారు. హితేష్ కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. వారం తిరక్కుండా డబ్బా దించేశాడు. అప్పటి నుంచి పిల్లవాడి తీరు మారింది. అక్కడే మొదలైంది వజ్రమ్మ అనుమానం.

ఫోను వస్తే గ్యాలరీ చివరికి పోయి గొంతు తగ్గించి మరాఠీలో మాట్లాడేవాడు. అవ్వ అటు రాగానే "మళ్ల చేస్త" అని పెట్టేసేవాడు. ఒక చిన్న నోట్‌బుక్కులో ఏవో గీతలు గీసి, వజ్రమ్మ తొంగి చూస్తే మూసేసేవాడు. ఆమెకు చదువు రాదు, చూసినా ఏమీ తెలియదు. అయినా మూశాడు. చదువు రాని మనిషి ముందర పుస్తకం మూసేవాడిని నమ్మొచ్చునా, మీరే చెప్పండి.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు. టక్కు చేసిన చొక్కా, చేతిలో కొలతల టేపు. గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచాడు. మెట్ల దాకా కొలిచాడు. వజ్రమ్మ గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ చూస్తూనే ఉంది. హితేష్ ఆ మనిషి వెనకాలే తిరిగాడు. ఇద్దరూ దూలం వైపు చూసి ఏదో అనుకున్నారు. పోయేటప్పుడు ఆ మనిషి ఒక మడిచిన కాగితం హితేష్ చేతిలో పెట్టాడు.

"ఎవడు రా ఆయన?"

"తుషార్ భావు. మా జాన్‌పెహచాన్, ఎరుకైనోడు."

"ఏం కొలుస్తున్నడు?"

"ఉత్తగనే అవ్వా."

ఉత్తగనే గ్యాలరీ కొలిచేవాడిని వజ్రమ్మ తన యాభై అయిదేళ్ల కాపురంలో చూడలేదు. టేపు పట్టుకుని వచ్చిన ప్రతివాడి వెనకా ఒక బిల్డరు ఉండటం మాత్రం చూసింది. ఆ రాత్రి అన్నం గిన్నె పక్కకు జరిపి, హితేష్ వైపే చూస్తూ కూర్చుంది. సొంత మనవడు. పాలపళ్లు ఊడితే తన కొంగులో కట్టుకున్న మనవడు.

మర్నాడు శుక్రవారం కాకపోయినా పనిముట్ల సంచీ దించింది. తాపీ ఉంది. గుండు ఉంది. రసమట్టం చెక్క ఉంది. గాజుగొట్టం లేదు. చెక్కలో దాని గుంట మాత్రం పన్ను ఊడిన చిగురులా ఖాళీగా ఉంది.

ఎవరినీ అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తాడు, ఆ అబద్ధం వినడం ఆమెకు ఇష్టం లేదు. సంచీ మళ్లీ మేకుకు తగిలించింది.

రెండు రోజులకు దూలం మీదికి కొత్త డబ్బా ఎక్కింది. ఈసారి హితేష్ గంటను గదిలో పెట్టకుండా, తీగ లాగి గ్యాలరీలో మెట్ల దగ్గర బిగించాడు. వజ్రమ్మ ఆదివారం అతను బయటికి పోయాక రోలు సరిగ్గా డబ్బా కిందికి జరిపి, ఎండుమిరపకాయలు పోసి, చేతులు నొప్పి పుట్టేదాకా దంచింది. గంట మోగలేదు. తలుపు దబదబ వేసింది. మోగలేదు.

"ఏమైంది అత్తా, కోపంగున్నవా?" అని నీత అడిగింది.

"లే. తలుపు గట్టిగున్నదా లేదా చూస్తున్న."

అప్పుడు ఆమె బుర్రలో లెక్క ఇలా నడిచింది. కదిలితే మోగాల్సిన గంట కదిలినా మోగడం లేదు. అంటే అది ఇంటి మాట వినే గంట కాదు, మనిషి మాట వినే గంట. వాళ్లకు కావాల్సిన రోజున మోగుతుంది. జనం భయపడి దిగుతారు. దిగినవాళ్ల గదులకు తాళాలు పడతాయి. ఇంతకన్నా సాఫీ లెక్క ఎక్కడుంటుంది?

అయితే అనుమానం ఒక్కటే చాలదు, సాక్షి కావాలి. భూమయ్యకు ఒక పద్ధతి ఉండేది. పగిలిన గోడ ఇంకా కదులుతోందో, కదలడం మానేసిందో తెలియాలంటే పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించేవాడు. అటు కొంచెం, ఇటు కొంచెం సిమెంటు పెట్టి, ఆ పచ్చి సిమెంటు మీద మేకుతో తారీఖు గీసేవాడు. గోడ నూలుపోగంత జరిగినా గాజు పుటుక్కుమంటుంది. "అద్దానికి సాగుడు తెల్వదు వజ్రీ. అందుకే అది అబద్ధమాడది," అనేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆమె తట్ట మోస్తూ ఎన్నో గోడల మీద ఆ పని చూసింది.

శివ బడి ఫొటో ఫ్రేము ఒకటి పగిలి అటక మీద ఉంది. దాని అద్దంలోంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క తీసింది. మిగిలిపోయిన తెల్ల సిమెంటు చారెడు దొరికింది. నీత నల్లా దగ్గరికి పోయిన అరగంటలో పని కానిచ్చింది. ఆ గోడకు అంతకు ముందేడాదే నీత కొత్త పూత పూయించి, పిస్తా రంగు వేయించింది. గోకితే రంగు పోతుంది, దుమ్ము లేస్తుంది, చప్పుడవుతుంది, కోడలు అడుగుతుంది. అందుకని రంగు మీదే సిమెంటు ముద్దలు పెట్టి, గాజు అద్ది, పైన క్యాలెండరు వేలాడదీసింది. ఎవరికీ తెలియదు.

ఇక రోజూ పొద్దున్నే దేవుడికి దీపం పెట్టినట్టే క్యాలెండరు ఎత్తి చూసేది. గాజు నిండుగా ఉండేది. వానలు మొదలయ్యాయి. గాజు అలాగే ఉంది. ఆషాఢంలో పోచమ్మకు బోనం తీసుకుపోయి వచ్చారు, ఎత్తి చూసింది. గాజు చెక్కుచెదరలేదు. ప్రతిసారీ అదే లెక్క వేసుకునేది. గోడ మంచిదే, మరి మనవడు?

ఒక శనివారం తుషార్ మళ్లీ వచ్చాడు. హితేష్ స్టూలు వేసి డబ్బా విప్పాడు, ఇద్దరూ లోపలికి చూశారు, ఏదో చుక్కలు చుక్కలుగా పోశారు, మళ్లీ బిగించారు. వజ్రమ్మ గోడ వైపు తిరిగి పడుకుని, నిద్రపోతున్నట్టు ఊపిరి తీస్తూ అంతా చూసింది.

ఆదివారం పొద్దున పది గంటలకు గంట మోగింది.

వాన కురుస్తోంది. రోలు మూలన ఉంది. బ్యాండు లేదు. ఏ తలుపూ పడలేదు. గంట మాత్రం మోగుతూనే ఉంది. వెనకటి గంటలా మోగి ఆగేది కాదు, ఒకే పట్టున మోగుతోంది. రెండు మాళాల జనం మెట్ల మీదికి వచ్చారు. హితేష్ బనియన్ మీదే దూలం కిందికి పరుగెత్తి, పైకి చూసి, కట్టేసినట్టు నిలబడ్డాడు.

"దాన్ని బంద్ చెయ్యి రా," అంది నీత.

"అది నేను మోగిస్తలేను మమ్మీ, బంద్ చెయ్యనీకి."

వజ్రమ్మ లేచి కొంగు నడుముకు దోపింది. గడపలో నిలబడింది.

"బంద్ చెయ్యొద్దు. మోగనీ. అందరు లోపటికి రాండ్రి. మేఘా, నువ్వు గూడ రా, ముచ్చట్లు చెప్పుకొనీకి మళ్ల పనికొస్తది. ఈ గంట కత ఇయ్యాల తేలాలె."

పదిమంది దాకా గదిలోకి వచ్చారు. మిగిలినవాళ్లు తలుపు దగ్గర మెడలు చాచారు. కింది గదిలో ఉండే ఎల్లయ్య కూడా వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలికి వచ్చి, మరో ముగ్గురితో కలిసి ఉండే మేస్త్రి. వజ్రమ్మ పుట్టింటి వైపు మనిషి కాబట్టి ఆమెను పెద్దమ్మా అంటాడు.

"హితేష్, నా ముఖం చూసి చెప్పు. నిన్న వచ్చినోడు ఎవడు?"

"చెప్పిన గదా అవ్వా. తుషార్ భావు."

"పేరు నాకెరుక. పని చెప్పు."

"మా కార్ఖానాల స్విచ్చిలకు డిజైన్ గీసేది ఆయనే."

"కార్ఖానా ఆయనకు మన గ్యాలరీ కొలతలెందుకు?"

"వైర్ ఎంత పొడుగు గావాలెనో చూడనీకి. గంట మెట్ల కాడ పెడితే కింది మాళా వాళ్లకు గూడ ఇనబడుతదని."

"ఆ కాయితం?"

"డబ్బా బొమ్మ. ఇగో, జేబులనే ఉన్నది."

మేఘా ఆ కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పింది. "ఖరంచ్, నిజంగనే బొమ్మే ఉంది," అంది. "కాని హితేష్, మన చాల్‌లకు టేపు పట్టుకొని దేవుడొచ్చినా బిల్డర్ మనిషే అనుకుంటం. ముంగలనే చెప్పొద్దా?"

"చెప్తే మళ్ల తుమ్మమంటరు గద కాకీ. అది పనిజేసినంక చెప్దామనుకున్న."

కొందరు నవ్వబోయారు. వజ్రమ్మ నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగింది.

"తాత రసమట్టం ఏడ అమ్మినవ్?"

హితేష్ స్టూలు లాక్కున్నాడు. గంట మోగుతూనే ఉంది. అతను స్టూలు మీదికెక్కి డబ్బా మూత తీశాడు.

"అమ్మలె. ఇండ్లనే ఉన్నది."

ఎల్లయ్య టార్చి కొట్టాడు. డబ్బాలో భూమయ్య రసమట్టం గాజుగొట్టం ఉంది. కానీ బోర్లించి ఉంది. దాని రెండు కొనలూ కోసి, ఒక్కో కొనలో రెండేసి సన్నని తీగలు దూర్చి, లక్కతో మూశారు. లోపల బుడగ లేదు. కాస్త నూనె, అందులో ఒక ఉక్కు గోళీ. సైకిల్ బేరింగులో ఉండేలాంటిది. అది గొట్టం ఎడమ కొనకు పోయి తీగల మీద కూర్చుని ఉంది.

"స్ప్రింగ్‌కు ఊగుడు, ఒరుగుడు రెండూ ఒక్కటే అవ్వా," అన్నాడు హితేష్. అతని గొంతు అందరితో కాదు, ఆమెతోనే మాట్లాడుతోంది. "నువ్వు దంచినా తాకుతది, బ్యాండ్ పోయినా తాకుతది. మనకు గావాల్సింది అది కాదు. ఈ గొట్టం కొంచెం వంపుంటది, ఎంత వంపంటే కంటికి గూడ తెల్వదు. అందుకే తాత దాన్ని నమ్మేటోడు. దాన్ని బోర్లిస్తే గోళీ నడుమ నిలుస్తది. నువ్వు దంచితే అటిటు మెసిలి మళ్ల నడుమకే వస్తది. జల్దీ ఉరుకొద్దని నూనె పోసినం. దూలం ఒరిగి, అట్లనే ఒరిగి ఉంటేనే అది మూలకు పోయి కూసుంటది. మళ్ల రాదు. ఆ వంపు గొట్టం బజార్ల దొరకలె. ఎన్ని చూసినా దొరకలె."

"అడగాలె గద రా."

"అడిగితే ఇస్తుంటివా?"

వజ్రమ్మ గొట్టం వైపు చూసింది. "ఇయ్యకపోతుంటి," అంది.

ఆమె మనసు కరిగే చోటికి వచ్చింది కానీ కరగలేదు, ఎందుకంటే ఆమె సాక్షి ఇంకా మాట్లాడలేదు. గోడ దగ్గరికి నడిచి క్యాలెండరు తీసేసింది.

"మరి ఇదేంది? ఇది మీ తాత పద్ధతి. నెలన్నర అయింది పెట్టి. ఇల్లు ఒరిగితే అద్దం ఇరగాలె. చూసుకోండ్రి అందరు. ఒక్క గీత లేదు. అద్దం నిజమా, నీ గోళీ నిజమా?"

జనం ముందుకు వంగారు. గాజు నిండు చందమామలా మెరుస్తోంది.  "హమ్మయ్య" అన్నారెవరో. మేఘా పిల్లను దించి నేల మీద కూర్చోబెట్టింది. మెట్ల దగ్గర ఉన్నవాళ్లు గదుల వైపు తిరిగారు.

హితేష్ స్టూలు దిగి వచ్చి ఆ గాజు మీద వేలు రాసి చూశాడు. తాత పద్ధతి అతనికీ తెలుసు. మొహం చిన్నదైపోయింది.

"నాదే గల్తీ ఉండొచ్చు," అన్నాడు మెల్లగా. "నిన్న విప్పినప్పుడు స్క్రూ సరిగ బిగియ్యలేదేమో. డబ్బానే ఒరిగి ఉంటది." జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు, డబ్బా దించడానికి.

వజ్రమ్మ గెలిచింది. గెలిచాక నోట్లో ఏదో చేదుగా అనిపించింది.

"ఆగు తమ్మీ," అన్నాడు ఎల్లయ్య. ఆయన గాజును చూడటం లేదు. గాజు కింద సిమెంటు ముద్దల్ని చూస్తున్నాడు. "పెద్దమ్మా, నేనొక మాట అడుగుత, ఏమనుకోకు. అద్దం పెట్టే ముంగల పూత గీకినవా?"

వజ్రమ్మ నోరు తెరిచింది. ఆమెకు ఒక్కసారిగా భూమయ్య చేయి కనబడింది. ఉలి పట్టుకుని పగులుకు అటూ ఇటూ పూతంతా రాల్చి, ఇటుక ఎర్రగా బయటపడేదాకా గోకి, నీళ్లతో కడిగి, ఆ తర్వాతే సిమెంటు పెట్టే చేయి. ఆ ఇటుక పొడి తన తట్టలోనే పడేది. ఆ పొడిని తానే మోసింది. నెలన్నరగా రోజూ గాజును చూసింది కానీ ఆ ఎర్రపొడి ఒక్కరోజూ గుర్తుకు రాలేదు.

"లే," అంది.

ఎల్లయ్య వేళ్ల కణుపులతో గోడ మీద కొట్టాడు. డబ్ డబ్ అని డొల్లగా పలికింది. జానెడు పక్కకు కొట్టాడు. అక్కడా డొల్లే.

"అద్దం అబద్ధమాడలె పెద్దమ్మా. అది గోడకు అంటలేదు, పూతకు అంటింది. పూత ఎన్నడో గోడను ఇడిసిపెట్టింది. రెండూ కలిసి ఉత్తగ నిలబడ్డయి."

తలుపు వెనకాల సంచీ వైపు చూశాడు. వజ్రమ్మే తాపీ తీసి ఇచ్చింది. ఎల్లయ్య తాపీ అంచు పూత కిందికి దూర్చి మెల్లగా లేపాడు. పిస్తా రంగు పూత, పళ్లెమంత ముక్క, గాజుతో సహా ఊడి ఆయన చేతుల్లోకి వచ్చింది. గాజు విరగలేదు. దాని వెనక గోడలో ఆయన రెండు వేళ్లు పట్టేంత సందు ఉంది. పైన, దూలం కొన కూర్చున్న చోట ఇటుకలు పిండైపోయి, బొటనవేలంత ఆధారం మీద దూలం నిలబడి ఉంది.

 గంట ఒక్కటే మాట్లాడుతోంది.

ముందు కదిలింది వజ్రమ్మ. అది గుర్తు పెట్టుకోండి. కాగితానికి కదలనన్న మనిషి, ఆ గది కోసం సొంత మనవడినే దొంగగా చూసిన మనిషి, అందరికన్నా ముందు కదిలింది.

"నీతా, పొయ్యి బంద్ చెయ్యి. మేఘా, పిల్లను ఎత్తుకో, సామాన్ల జోలికి పోకు. పై మాళా వాళ్లను పిలువుండ్రి. ఈ గోడ దిక్కు కెల్లి ఎవరు నడవొద్దు. ఎల్లయ్యా, మీ సైట్ మీద బల్లీలు, లావు కర్రలు దొరుకుతయా?"

"దొరుకుతయి పెద్దమ్మా."

"తేపో. హితేష్, నువ్వు డబ్బా దించకు. అది మోగినంతసేపు ఎవ్వడు పైకి రాడు."

అరగంటలో మూడు మాళాలూ ఖాళీ అయ్యాయి. ఎల్లయ్యా, అతని ముగ్గురు మనుషులూ పక్క సైటు నుంచి లావాటి కర్రలు మోసుకొచ్చి దూలం కింద దన్నుగా నిలబెట్టారు. సందులో జనం వానలో తడుస్తూ నిలబడ్డారు. నాలుగు గంటలప్పుడు లోపల ఒక మూలుగులాంటి చప్పుడైంది. దూలం గోడలోంచి జారి జానెడు కిందికి దిగి, కర్రల మీద ఆగింది. మూల గోడ ఇటుకలు వజ్రమ్మ మంచం మీద, రోలు మీద రాలాయి. ఆ సమయానికి మామూలుగా ఆమె ఆ మంచం మీదే నడుము వాల్చి ఉంటుంది. పై గదిలో నలుగురు పిల్లలు ట్యూషన్‌కు కూర్చుని ఉంటారు. ఆ రోజు ఎవరూ లేరు.

ఆ తర్వాత సంగతి ఏముంది. ఇల్లు మరమ్మతుకు పెట్టారు. వజ్రమ్మ వాళ్లు పదకొండో సందులో భూమయ్య చెల్లెలి గదిలో ఎనిమిదిమంది సర్దుకుని ఉంటున్నారు. తన గదికి మళ్లీ పోతుందో లేదో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. రోజూ పొద్దున్నే పాత చాల్ కిందికి పోయి, తన తలుపుకు ఉన్నది తన తాళమేనా అని తల పైకెత్తి చూసుకుని వస్తుంది. మేనేజరు మీద అనుమానం ఒక్క గింజ కూడా తగ్గలేదు. తగ్గాల్సిన పనీ లేదు.

మనవడి సంగతి మాత్రం వేరు. గొట్టం లేని రసమట్టం చెక్కను తీసుకుపోయి హితేష్ చేతిలో పెట్టింది.

"దీనితోటి నాకేం పని. దీన్ని చూసి ఇసొంటియి ఇంకా చెయ్యి. పక్క చాల్‌ల పెట్టు."

"గొట్టాలు దొరకాలె అవ్వా."

"తుషార్‌ను అడుగు. కొలతలు తీసుడు వస్తది గద ఆయనకు." ఆగి, మళ్లీ అంది, "కాని నేను చూసినంకనే పెట్టు. నిన్ను నమ్మక కాదు."

"మరి?"

"నమ్మకనే అనుకో."

తుషార్ గాజు కాల్చే చోటు ఒకటి వెతికి ఆ వంపు గొట్టాలు చేయించుకొచ్చాడు. ఇప్పుడు హితేష్ ఏ డబ్బా తయారు చేసినా ముందు వజ్రమ్మ ముందుకు రావాలి. ఆమె దాన్ని చదునైన బండ మీద పెట్టి, ఒక కొన కింద మడిచిన కాగితం దూరుస్తుంది. ఒక మడతకు మోగకూడదు. మూడు మడతలకు మోగి తీరాలి. పక్కన గుప్పిటతో దబదబ గుద్దుతుంది, అప్పుడు మోగకూడదు. ఇప్పటికి రెండు డబ్బాలు వెనక్కి పంపింది. తుషార్ ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకుని చూస్తాడు, పాపం.

ఆ పూత ముక్క పారేయలేదు ఆమె. గాజుతో సహా అలాగే దాచింది. అడిగితే చూపిస్తుంది.

ఇంతే. ఇప్పుడు మీరు లేచి పోయి ఇంకొకరికి చెప్తారు. గంట సంగతి చెప్తారు, గోళీ సంగతి చెప్తారు, దూలం జారిన చప్పుడు నోటితో చేసి మరీ చెప్తారు, తెలుసు నాకు. చెప్పండి. కానీ ఆ ఒక్క ముక్క వదలొద్దు. గోడకు గాజు అతికించే ముందు పూత గోకాలి, ఇటుక ఎర్రగా కనబడేదాకా గోకాలి. మన తాతలు చేసింది అలాగే. ఆ చివర కూర్చున్న పిల్లా, నువ్వు ఒకసారి చెప్పు చూద్దాం, నేను వింటాను. రేపు నీ పిల్లలకు కూడా నువ్వే చెప్పాలి.